ఎడమ పక్క ఖాళీ

“వంతెన ఒక్కటి పట్టుకుంటే చాలమ్మా. ఆ ఇనప గుర్రాలకి మైదానంలో ఎదురెళ్తే పిండైపోతాం. అదే వంతెన ఇరుకులో నిలబడ్డామనుకో, ఒక్కోటే రావాలి. ఒక్కోటే రావాలి, ఒక్కోటే చావాలి.”

ఆటోనగర్‌లో మేడమీది వాటా, మధ్యాహ్నం వేళ. భోజనాల బల్లమీద నీలం రిబ్బను కాలవ, అట్టముక్క వంతెన, థర్మోకోల్ గుట్ట, వాటి చుట్టూ వేలెడు కూడా లేని సైనికుల బొమ్మలు. ఆదివారం పోటీలో సాయిగణేష్ మీద ఎలా గెలవాలో తేల్చుకోవడానికి మహెక్ రోజూ వాడి గుర్రాల దళాన్ని తను ఆడుతూ, తన దళాన్ని తండ్రి ఇస్సాక్ చేత ఆడిస్తోంది. ఇవాళ మాత్రం ఆ పిల్ల మనసు గెలుపు మీద లేదు.

“ఈటెలవాళ్ళు వంతెన మొగదల, విలుకాళ్ళు గుట్టమీద. అంతేనా నాన్నా?”

“అంతే. ఈటెలవాళ్ళని కాస్త వెనక్కి లాగు. గుర్రాలు ఆశపడి వంతెనెక్కుతాయి. గుట్ట మీదనించి బాణాలు వేస్తే అక్కడిదాకా అందుద్ది. కావాలంటే టేపు పెట్టి కొలుచుకో.”

“కొలిచాను, అందుద్ది. మరి ఎడమ పక్క?”

“ఎడమ పక్క ఏముంది?”

“నువ్వు చెప్పు.”

“ఖాళీ. బల్ల అంచు. అటునించి ఎవడొస్తాడు?”

“నిన్న కూడా ఇదే మాటన్నావు. నిన్న కూడా అటునించే కొట్టా.”

“నిన్నది ఎర. కావాలనే వదిలా.”

“మొన్న?”

“మొన్నా ఎరే. ఏంటే ఈ ఆరా? పాచికలు వెయ్యి. మూడింటికి బడి వదుల్తారు, వ్యాన్ తియ్యాలి. అసలే ఆ ఎల్కేజీ రుచిత అలిగింది.”

“అలిగిందా? నీ మీదా?”

“దిగంగానే రోజూ టాటా చెప్పేది. ఈమధ్య చెప్పట్లా. నేనేమన్నానో ఏమో మరి. ఇవాళ చాక్లెట్ ఇచ్చి మచ్చిక చేసుకోవాలి.”

“ఇంకా టైముందిలే. పక్కనించి కొడితే రెండింతలు పాచికలు వెయ్యొచ్చు కదా నాన్నా. ఆ రూలు నాకంటే ముందు నువ్వే బట్టీ పట్టావు. ఇంత తెలిసి ఎడమ పక్క ఒక్కణ్ణి కూడా కాపలా పెట్టవెందుకు?”

“సాయిగణేష్ అటు రాడు గనక. వాడికి దూకుడెక్కువ, నడిమధ్యలోంచే వస్తాడు.”

“ఇప్పుడు ఆడేది నేను.”

“నువ్వు మాత్రం? నీ గుర్రాలన్నీ వంతెన ముందే ఉన్నాయిగా.”

“అన్నీనా?”

“అన్నీ.”

“సరిగ్గా చూసి చెప్పు.”

“చూసే చెప్తున్నా... ఆగాగు. ఇవి... ఇవెప్పుడొచ్చాయి ఇక్కడికి? దొంగాట! నేను లేచినప్పుడు జరిపావు.”

“నువ్వు లేవలేదు.”

“ఫోనొచ్చింది, ఫోనొచ్చినప్పుడు—”

“ఫోన్ రాలేదు నాన్నా. నువ్వు చూస్తుండగానే పెట్టా. టక్కుమని చప్పుడు చేసి మరీ పెట్టా.”

“గుట్ట చాటున పెట్టుంటావు.”

“గుట్ట ఆ చివరుంది. ఇవి నీ ఎడమ మోచేతి పక్కనున్నాయి.”

“... పరధ్యానంలే. నిద్ర సరిగ్గా లేదు.”

“ఒక్కసారి డాక్టరు దగ్గరికి—”

“మళ్ళీ మొదలెట్టావా?”

“ఒక్కసారే. నేనొస్తా తోడు.”

“కళ్ళు బాగోనోడు ఈ బొమ్మలకి రంగులెయ్యగలడా? వీడి మీసం చూడు. కనుగుడ్డు చూడు. లారీ బాడీల మీద నెమళ్ళేసిన చెయ్యే ఇది. లైసెన్సప్పుడు బోర్డు చదవమంటే ఆఖరి వరసదాకా గడగడా చదివా.”

“ఎదురుగా ఉన్నది కనపడదని ఎవరన్నారు? నానమ్మ కూడా ఆఖరిదాకా సూదిలో దారం ఎక్కించింది. గుమ్మాలకే గుద్దుకునేది.”

“మా అమ్మ సంగతెందుకిప్పుడు?”

“నానమ్మకి నీటికాసులన్నారు, అందులో ముందు పక్కచూపే పోద్దన్నారు. ఇంట్లో మిగతావాళ్ళూ చూపించుకోండన్నారు. నువ్వు నన్ను తీసుకెళ్ళావు. నువ్వు చూపించుకోలా.”

“నీకు బాగుందన్నారు. నాకదే చాలు.”

“నాకు చాలదు.”

“ముందు పాచికలు వెయ్యవే.”

“వ్యాన్‌కి ఎడమ పక్క అద్దం ఎట్లా పగిలింది?”

“చెప్పాగా, ఎవడో ఆటోవాడు గీరిపోయాడు.”

“పొద్దున టీ గ్లాసు?”

“ఎవరింట్లో పగలవే గ్లాసులు?”

“నాన్నా, నీకు తెలుసు కదా.”

“ఏం తెలుసు?”

“నీకు తెలుసు. అందుకే ఈమధ్య నువ్వే ‘ఆడదాం రా, ఆడదాం రా’ అని నా వెంటపడుతున్నావు. నాకోసం అనుకున్నా.”

“నీకోసమే... నాకోసం కూడా. మెడ తిప్పి చూస్తే కనపడుద్దే. ఆటలో అలవాటు చేసుకుంటే రోడ్డుమీద కూడా అదే అలవాటవుద్దని. చాలా నయం ఇప్పుడు, నిజంగా చాలా నయం.”

“మరి ఇందాక తిప్పలేదే?”

“వంతెన ధ్యాసలో పడి...”

“రోడ్డుమీద వేరే ధ్యాసలుండవా?”

“రావమ్మ ఉంటదిగా వ్యాన్‌లో. పిల్లల్ని దింపేదీ అదే, పక్క బండి వస్తే కేకేసేదీ అదే.”

“రావమ్మ కూతురి పురుడని చల్లపల్లి వెళ్ళి వారం దాటింది.”

“వచ్చేస్తది.”

“వచ్చేదాకా?”

“ఏం చెయ్యమంటావే నన్ను? భయమేస్తంది. డాక్టరు ఒక్కసారి ఆ పేరు పెట్టాడంటే ఇక నేను కూడా మా అమ్మలాగే. గోడ తడుముకుంటా తిరగాలి. అది చూశా నేను. నువ్వు చూసింది కొంతే.”

“నాకూ భయంగానే ఉంది నాన్నా. ఎంత భయమంటే నీకు ఆటలో పరీక్ష పెట్టి చూశా ఇవాళ. ఆ గుర్రాలు నీకు కనపడాలనే మొక్కుకున్నా.”

“... తాళాలియ్యి. టైమైంది.”

“బల్లమీదే ఉన్నాయి.”

“ఎక్కడ?”

“ఆట మొదలెట్టినప్పట్నించీ అక్కడే ఉన్నాయి. తీసుకుని వెళ్ళు. నేను ఆపను.”

“ఇక్కడ లేవే... వంతెన, గుట్ట, నీ గుర్రాలు... ఏవే? ఉండు, చెప్పకు. మెడ తిప్పుతున్నా. చెప్పకు... ఆఁ! ఇదిగో. చూశావా? దొరికాయిగా!”

“దొరికాయి. నీ ఎడమ చెయ్యి పక్కనే.”

“దొరికాయిగా మరి.”

“దొరికాయి నాన్నా. వెళ్ళు. ఆపనన్నానుగా.”

“వెళ్తున్నా.”

“ఏం, కూచుండిపోయావు?”

“మహెక్.”

“ఊఁ.”

“బడికి ఫోన్ చెయ్యి. ఇంకో డ్రైవర్ని పంపమను. ఇవాళ్టికే కాదు, ఇక నేను రానని చెప్పు.”

“నాన్నా...”

“వ్యాన్ తలుపు ఎడమ పక్కనుందే తల్లీ. రుచిత అలగలేదు. దిగి అక్కడే, చక్రం పక్కనే నిలబడి, రోజూ నాకు చెయ్యి ఊపుతూనే ఉండుంటది.”