మర్యాద చప్పట్లు

1926, న్యూయార్క్. కొత్త తరహా సంగీత కచేరీ ముగిశాక, పక్క వీధి కాఫీ హోటల్లో ఒక స్వరకర్త, అతని భార్య.

"నీ సంగీతానికి అందరూ చప్పట్లు కొట్టారుగా, ఇంకా ఆ మొహమేంటి?"

"మర్యాదకి కొట్టారే! ముందు వరుస ముసలమ్మలు కూడా కొట్టారు! అదే నా తర్వాత తన సంగీతం వాయించిన ఎల్వుడ్‌గాడు పియానోని మోచేతులతో బాదేసరికి సగం హాలు తిట్టుకుంటూ లేచిపోయింది. రేపు పేపర్లనిండా వాడే. జనాన్ని ఉలిక్కిపడేలా చేయాలని రాసే మాలాంటివాళ్ళకి అంతకంటే ఏం కావాలి?"

"మొదట లేచిందెవరో నేను చూశాను."

"ఎవరు?"

"నువ్వే. టోపీ పెట్టుకుని మరీ లేచావు. నిన్ను చూసే మిగతావాళ్ళు కదిలారు."

అతను బల్లమీదున్న టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"వాడి సంగీతం అంత ఘోరంగా ఉందా?"

"అంత బాగుంది. ఇంకాసేపు కూర్చుంటే ఏడ్చేసేవాణ్ణి."