రమీజా కాళ్ళకు పసుపు

చెయ్యి వదులు సుర్రయ్యా ఆపా. నొప్పి లేస్తాంది. పసుపే కదమ్మా, విషమా? రవ్వంత పసుపు కాళ్ళకు రాస్తే నీ సొమ్మేం పోయింది?

తెలుసు, మీ సాయిబుల్లో రాయరు. ఆలోచించి చేసిందేనా ఇది? వంటింట్లో పసుపు డబ్బీ కనపడె, చెయ్యి దానంతట అదే తీసి దుపట్టా కొంగున ముడేసుకునె. ఇక్కడికొచ్చి రమీజా పాదాలు చూడంగానే మళ్ళా ఆ చెయ్యే ముందుకు పోయె. పొద్దుటి నుంచి నా చేతులూ కాళ్ళూ నన్నడిగి ఏమీ చేయడం లేదు.

ఏం అట్ల చూస్తావు? చెల్లెలినే. పాస్‌పోర్టులో అట్లనే ఉండాది. బయట కుర్చీలో ఉండే ఆఫీసాయన అది చూసే లోపలికి పంపించినాడు. చచ్చిపోయినామె రమీజా, వచ్చినామె చెల్లెలు నస్రీన్, నీతో పాటు శవాన్ని కడిగేదానికి హక్కుంది, పొమ్మన్నాడు.

కలిమా చదవమంటావా? రాదు. రంజాన్ నెలంతా దానితో పాటు ఉపాసముంటి గానీ అది భక్తి కాదు. అది తినకుండా ఉంటే నాకు కూడు దిగదు, అందుకు.

సరే, విను. నా పేరు అంకాలమ్మ. రాయచోటి పక్కన పల్లె. ఇంగ చాలా?

ఊ, అడుగుతావని తెలుసు. ఎట్లాయెనంటే, ఇక్కడ ఈ గల్ఫులో ఒక అరబ్బు ఇంట్లో పనికి ఇద్దరాడోళ్ళు కావాల్సి వచ్చె. ఇద్దరూ సాయిబుల ఆడోళ్ళే అయి ఉండల్ల, అక్కచెల్లెండ్లయితే ఇంకా మంచిది, కొట్లాడుకోరు, అనిరంట. ఏజెంటు నన్ను రమీజా వాళ్ళ నాయనకు బిడ్డను చేసినాడు. ఒక్క పూటలో పేరు పాయె, ఇంటిపేరు పాయె, కులం పాయె. మా నాయన గడ్డం నిమురుకుంటా అరుగు మీద కూర్చోనే ఉండాడు, నాకేమో ఇంకొకాయన నాయనాయె! బాధ లేదా అంటావా? ఏం బాధ? దానితో ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండొచ్చునంటే నన్ను మేకని రాసినా వేలిముద్ర ఏసేదాన్ని.

ఎందుకని అడగొద్దు ఆపా. నీకు అర్థమాయె. అర్థం కానట్టు నేల చూపులు చూడొద్దు.

శెనక్కాయల మిల్లులో పక్కపక్కన కూర్చోని పప్పులేరుతాంటిమి. దాని మొగుడు తలాకు చెప్పి పంపించినాడు. నా మొగుడు ఏమీ చెప్పకుండానే పంపించినాడు. అదొక్కటే తేడా మా ఇద్దరికీ. ఇద్దరమూ ఒక్క టిఫిను డబ్బాలో తింటాంటిమి. అక్కడ మొదలాయె. ఏం మొదలాయె అంటే ఏమని చెప్పేది? మన కాడ దానికి మాట యాడుంది?

ఇప్పుడు మేం చేసేది మదీనత్ ఖలీఫా అనే పేటలో, హాలండ్ వాళ్ళింట్లో. అరబ్బు వాళ్ళే అప్పజెప్పిరి, మంచి అక్కచెల్లెండ్లని. ఈ తొంభై ఎనిమిది పుట్టంగానే ఆ హాలండ్‌లో కొత్త చట్టం వచ్చిందంట ఆపా. ఇద్దరాడోళ్ళు గానీ, ఇద్దరు మగోళ్ళు గానీ ఆఫీసుకు పోయి సంతకం పెడితే చాలు, వాళ్ళదొక సంసారమని సర్కారే ఒప్పుకుంటాదంట. ఆస్తికి, ఆస్పత్రికి, చావుకు, అన్నిటికీ ఒకరికొకరు. మా మేడం చెల్లెలు అట్లనే చేసుకునింది. మేడమే వంటింట్లోకొచ్చి ఫోటో చూపించె. సిగ్గూ లేదు, గుసగుసా లేదు! ఇద్దరాడోళ్ళు, చేతుల్లో పూలు, మొహాలంతా నవ్వులు. మేడం చెల్లెలు ఆ రెండో ఆమె ఇంటిపేరు కూడా తగిలించుకునిందంట.

మేడం అట్ల పోయిందో లేదో రమీజా నవ్విందే నవ్వు. "ఏమే అంకాలూ, వాళ్ళకంటే మనమే ముందు గదే! నువ్వు మా ఇంటిపేరు ఎప్పుడో పెట్టుకుంటివి" అని. నేనూ నవ్వితి. కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వితిమి. అట్ల ఎర్రగడ్డలు తరుగుతా తరుగుతా ఉన్నట్టుండి కత్తి ఆపేసి, "మనకు ఆ హాలండ్ పోయినా చెయ్యరే" అనె. ఎందుకనే అంటి. "అక్కచెల్లెండ్లకు ఏ దేశంలో చేస్తారే?" అనె.

నిజమే గదా? ఒక గదిలో ఉండేదానికని రాయించుకుంటిమి. ఆ రాసిన దాన్నిబట్టి ఇంగెప్పటికీ ఏమీ కాకుండా పోతిమి. పొయ్యి మీద పప్పు మాడిపోతాంటే దించితి. మళ్ళా ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ఈ పొద్దున సార్ చొక్కా ఇస్త్రీ చేస్తా చేస్తా కూలబడింది. చూసినా. ఉరికి పోయి ఏం చేసినానో తెలుసునా? ముందు ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టినా. చొక్కా కాలిపోతాదని. ఆ తర్వాతనే దాన్ని పట్టుకున్నా. ఎట్లాంటిదాన్నో చూడు! గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్తే మేడం ఏడ్చింది. నేను ఏడవలేదు. ఇప్పుడు కూడా ఏడుపు రావడం లేదు.

దాని అన్నకు ఫోన్ చేయిస్తే, అక్కడే మట్టి చేయండి అన్నాడంట. "అక్కడెవరో చెల్లెలుందంట గదా, ఆమే చూసుకుంటాదిలే" అన్నాడంట. వానికి ఇంకో చెల్లెలు లేదు. వానికీ తెలుసు.

ఇంగ పసుపు సంగతి. నిజామాబాదు దానివి, నీకు తెలీకుండా ఉంటాదా? మాలో ఆడది మొగుడు బతికుండంగా పోతే పసుపు రాసి, పూలు పెట్టి పంపిస్తారు. ముత్తయిదుగా పోయిందంటారు. దీన్నేమో తలాకు ఆడది, దిక్కు లేనిదని అందరూ అనుకుంటారు. కాదు ఆపా! దీనికి మనిషి ఉంది. బతికే ఉంది. నీ ముందర నిలబడుకోని ఉంది. ఆ మాట చెప్పేదానికి నాకింకేం తెలుసు? పసుపే తెలుసు.

ఆ ఆఫీసాయన్ను పిలుస్తావా? పిలువు. జైల్లో ఏసుకుంటారో, విమానమెక్కించి ఊరికి తోలుతారో, ఏమన్నా చేసుకోనీ. మధ్యాహ్నం జోహర్ నమాజు కాంగానే మగోళ్ళొచ్చి దీన్ని ఎత్తుకపోతారు. గోరీ కాడికి ఆడోళ్ళు రాగూడదని నువ్వే చెప్తివి. నాకుండేది ఈ గది, ఈ రవ్వంతసేపు. ఇది కూడా వద్దంటే పోతా. కొట్లాడే శక్తి లేదు నాకు.

యాడికి ఆపా? పిలిచేదానికేనా?

ఓ. గడియ పెడ్తాండావా.

పసుపు తుడుస్తావా? తుడువు, నేనడ్డం రాను. దానికీ అదే ఇష్టం, ఎంత పనున్నా నమాజు తప్పేది కాదు. మీ పద్ధతి ప్రకారమే చెయ్యి. కర్పూరం పూస్తారంటనే? పూయి. కర్పూరం మాకూ ఉందిలే.

బయట నన్నేమని చెప్తావు? చెల్లెలనే చెప్పు. రేపు పలకరించొచ్చే వాళ్ళందరూ, పాపం నస్రీనూ, అక్క పోయిందే నీకు, అంటారు. అననీ. తలకాయ ఊపుతా. ఊపితే ఏమి, మెడ విరుగుతాదా?

మగ్గు నాకిస్తాండావా? నేను పోయొచ్చునా? నువ్వు కడుగు, నేను ఊరికే పోస్తా. ముట్టను.

ఏ పక్క నుంచి? కుడి పక్కనా? సరే.

అమ్మో, ఏంది ఈ నీళ్ళు ఇంత చల్లగుండాయి! ఇంగో బిందెలో వేడివి ఉంటే రవ్వంత కలపు ఆపా. దానికి చన్నీళ్ళు పడవు. జలుబు చేస్తాది, తెల్లార్లూ దగ్గుతాది, నన్ను పండుకోనీదు.

ఏందో వాగుతాండా. తెలుసులే.

అయినా కలపు.