కుడిచేతి వాచీ

"తాతా, మొదటి జీతం వచ్చింది. ఈ వాచీకి ఇంత వెల పెట్టొచ్చా, చెప్పు?"

ఏదీ, ఆ ఫోను ఇట్లా తే. నా కళ్ళద్దాలేవీ... ఆ, కనిపిస్తా వుండాది. బాగుందమ్మణ్ణీ. పెట్టొచ్చా అంటే నేనేం చెప్పేది? నా కత చెప్తా, నువ్వే తేల్చుకో.

అప్పుడు ట్రాములింకా తిరగతా వుండాయి. సౌకార్‌పేట పక్కన మాకు మిరపకాయల మండీ. ఆ ఆదివారం మీ అవ్వని చూసేదానికి చింతాద్రిపేట పోవాల. నాకేమో ఒకటే పిచ్చి. బంగారు వాచీ కట్టుకోని కూర్చోవాల, ఆ పిల్ల కాఫీ ఇస్తా దాన్ని చూడాల, టైమెంతండీ అని అడగాల... నవ్వుతావేం? అది ఆ వయసు మరి!

మౌంట్ రోడ్డులో వాచీల అంగడాయన మా నాయనకి తెలిసినోడు. స్విస్ వాచీ, మూణ్ణూరు రూపాయలు. నాలుగు సవర్ల బంగారం వచ్చేదమ్మా ఆ దుడ్డుకి! కాదు కాదు, నాలుక్కి కొంచెం తక్కువ. సరి, వదిలెయ్. "కొన్ని దినాలు కట్టుకోని చూడు, మనసైతే దుడ్డియ్యి" అన్నాడు.

ఇంటికి తెస్తే మాయమ్మ ఏమనింది? "కడుక్కునే చేతికి లక్ష్మిని కడతావురా? కుడిచేతికి కట్టు." సరే, అమ్మ మాట ప్రకారం కుడిచేతికే కట్టినా. ఆడే వచ్చింది తంటా.

మండీలో బేరం నోటితో గాదు. చేతుల మీద తుండు కప్పి, లోపల వేళ్ళు పట్టుకోని వెల చెప్పుకునేది, పక్కనోడికి తెలీకూడదని. అదీ కుడిచేత్తోనే. గుంటూరు నించి వచ్చిన ముసలి రైతు ఒకాయన తుండు కింద చెయ్యి పెట్టినాడు. ఆయన వేళ్ళు నా వేళ్ళ కాడ ఆగలా, మెల్లిగా పైకి పాకినాయి. వాచీని తడిమినాడు. మొహంలో ఏమీ లేదు, ఊరికే వక్కాకు నమలతా వుండాడు. ముందురోజు మా నాయనకి చెప్పిన వెల మీద ఇంకో వేలు పట్టినాడు! ఎంత లాగినా దిగలా.

మా నాయన పక్కనుండి నవ్వినాడు. "మిరపకాయలు నిన్నటివేరా. చెయ్యే మారింది."

గుమస్తా, "ఎడంచేతికి మార్చుకో సామీ, దొరలంతా ఆడే గదా కట్టేది" అన్నాడు. మార్చుకుంటే మాయమ్మ అన్నం పెట్టేటప్పుడంతా ఆ చెయ్యినే చూస్తుంది. జేబులో పెట్టుకుంటే ఇంక ఎవురికోసరం కొనేది? మిరప మూటల మీద కూర్చోని దాన్ని చెవి కాడ పెట్టుకున్నా. ఎంత సన్నంగా కొట్టుకుంటా వుండిందో అమ్మణ్ణీ, పిట్ట గుండె మాదిరి. మంచి వస్తువు. మూణ్ణూరూ తప్పు వెల గాదు. నా బతుక్కి కుదర్లా, అంతే.

"ఇచ్చేస్తా" అన్నా.

మా నాయనే అన్నాడు, "ఎల్లుండి పిల్లని చూసేది గదరా. ఆ పూట కట్టుకోని పోయి, సోమారం ఇచ్చెయ్."

ఆశ పుట్టింది, లేదనను. అయినా, "వద్దు నాయనా. తిరిగిచ్చేసేదాన్ని చూపించి పిల్లని అడగను" అని, ఆ సాయంత్రమే ట్రామెక్కి పోయి ఇచ్చేసినా.

ఆదివారం ఉత్త చెయ్యే. మీ అవ్వ కాఫీ ఇచ్చింది, టైము అడగలా. పెళ్ళైన ఎన్నాళ్ళకో ఈ కత చెప్తే ఏమనిందో తెలుసా? "మంచి పని చేసినావు. కట్టుకోని వచ్చుంటే దాన్నే చూసుకుంటా కూర్చునుందువు. నన్నెవురు చూసేది?"

సరి, ఏమడిగితివి? ఆ, నీ వాచీ. నీకు తుండు కింద బేరాల్లేవు, ఎడంచెయ్యి అంటే తిట్టే వాళ్ళూ లేరు. మనసు గట్టిగా కావాలంటే కొనుక్కో తల్లీ. చల్లగా వుండు. కట్టుకున్నంక ఒకసారి నా చెవి కాడ పెట్టు, కొట్టుకుంటాదేమో... ఇప్పటివి కొట్టుకోవంటారే...