కార్తీకంలో కొండ పెళ్లి

మోండా మార్కెట్‌లో చిక్కుడుకాయలు ఏరుతూ, తల ఎత్తకుండానే కూతుర్ని అడిగింది అమ్మ.

"ఇంట్ల చెప్పకుండ కొండల్ల చేసుకునే పెళ్లి ఏ నెలల?"

"నీకెవరు చెప్పిన్రు?"

"నీ బీరువల రెండు స్వెట్టర్లు దొరికినయ్. ఒకటి మగపిల్లగానిది."

"ఏప్రిల్‌ల అమ్మా. హిమాచల్‌ల అప్పుడు పూలు మస్తుంటయ్. నాన్నకు చెప్పకు, ఒప్పుకోడు."

"ఏప్రిల్ వద్దు. కార్తీకంల చేస్కోండ్రి."

"అప్పుడు చలికి గడ్డకట్టుకపోతం."

"ఇంకో రెండు స్వెట్టర్లు కొనుక్కోండ్రి. మీ నాన్న ఏటా అప్పుడే అయ్యప్ప మాలేస్తడు. నలభై ఒక్క రోజులు ఎవరి మీద గరమైనా దీక్ష చెడుతది."

"మాల తీసినంక?"

"అది తర్వాత సంగతి. ముందైతే గుమ్మంల నిలబడ్డ అల్లుణ్ణి సుత 'స్వామీ' అనే పిలవాలె."