గోదారిని గేటు లోపలికి తిప్పిన మాస్టారు

నిడదవోలు స్టేషన్ బయట గంగయ్య టీ కొట్టు దగ్గర పొద్దున్నే ఉదయభాస్కర్ మాస్టారు మొదలెట్టేశారు. ఆయన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరు. కాలేజీల నాణ్యత చూసే కమిటీ వాళ్ల కాలేజీకి మంచి గ్రేడు ఇచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని పట్టలేకపోతున్నాం.

"గ్రేడంటే ఏంటనుకున్నారండీ? ముందు మన కాలేజీ ఎంత గొప్పదో మనమే రాసుకుని పంపాలి, తర్వాత కమిటీ వచ్చి చూస్తుంది. రాసింది నేనే. పచ్చదనం ఉందని రాసేశాను, ఉన్నదేమో ఎండిపోయిన వేపచెట్టొకటి. ఏం చేశానో తెలుసా? కడియం నర్సరీల నుంచి లారీల్లో మొక్కలు దింపించి, కుండీలతో సహా పాతించేశాను. కమిటీ పెద్దాయన మామిడిపండు కోసుకుని తిన్నారు."

"కార్తీకంలో మామిడిపండేంటండీ?" అన్నాడు గంగయ్య.

"కాయమన్నాను, కాసింది. వినవయ్యా. పుస్తకాలు చాల్లేదు, పక్కూరి కాలేజీ నుంచి అరువు తెచ్చాం. వాళ్లకి కమిటీ వచ్చినప్పుడు మా ప్రిన్సిపాల్ని అరువిచ్చాం. వాననీటి గుంటేదన్నారు. కాలవ లాకులెత్తించి గోదారినే గేటు లోపలికి తిప్పాను. పులస చేపలు ఎగిరొచ్చి కమిటీ వాళ్ల ఒళ్లో పడ్డాయి, పులుసు పెట్టించి మరీ పంపాను. పోలవరం నాకప్పగిస్తే ఈపాటికి పూర్తయ్యేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లలకి ఉద్యోగాలొచ్చాయా అన్నారు. వందకి నూటపది మందికొచ్చాయన్నాను. కాలేజీలో ఇంకా చేరని వాళ్లక్కూడా ముందే ఇచ్చేశారన్నమాట. ఉద్యోగాలొచ్చిన పిల్లలంటూ ఫొటోలతో గేటుకి ఫ్లెక్సీ కట్టించాను."

అందరం నవ్వాం. బెంచీ చివర కూర్చున్న అమ్మాయి నవ్వలేదు. మాస్టారు ఆమెని చూసి, "మెర్సీ, మా కాలేజీ అమ్మాయే, కావాలంటే అడగండి," అన్నారు.

"ఆ ఫ్లెక్సీలో మొదటి ఫొటో నాదేనండి," అందా అమ్మాయి.

ఆమెకి ఉద్యోగం లేదు, ఏమీ లేదు. వాళ్లమ్మ సువార్తమ్మ నాట్లకి వెళ్తూ ఆటోలోంచి ఆ ఫొటో చూసిందట. కూతురు చెప్పేదాకా ఆగలేక, ఆ ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, నా బిడ్డకి దేవుడు ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పేసిందట.

"అమ్మకి నిజం చెప్పానండి. దేవుడి ముందు అబద్ధమాడానని అమ్మ అప్పట్నుంచీ చర్చికి రావట్లేదు," అంది మెర్సీ. "ఈ ఆదివారం మీరొకసారి రండి మాస్టారూ. ఆ అబద్ధం మా అమ్మది కాదని లేచి చెప్పండి, చాలు."

మాస్టారు తల దించుకున్నారు. అంతసేపూ నవ్విన మేం కూడా టీ గ్లాసులు కింద పెట్టేశాం.