శబరిలో ఈత నేర్చిన ఇంగ్లీషు సారు

1989వ సంవత్సరం ఆగస్టు ఏడవ తేదీ సోమవారం ఉదయం, ఉసూర్ మాధ్యమిక పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయులుగా తొలి సంతకం చేసిన శ్రీ దశరథరామయ్య గారు, ముప్పై ఆరేళ్ళ బోధనా జీవితాన్ని సంపూర్ణం చేసుకొని, ఈ జూన్ 30వ తేదీన కోంటలోని మా పాఠశాల నుండి పదవీ విరమణ చేయనున్నారు. వారు ఉద్యోగంలో చేరిననాటికి మనది మధ్యప్రదేశ్. కోంట ఉన్న సుక్మా, ఉసూర్ ఉన్న బీజాపూర్ ప్రాంతాలు రెండూ ఆనాటి విశాల బస్తర్ జిల్లాలోనే ఉండేవి. వారు బస్తర్ విడిచి కదలలేదు గానీ, వేసిన కుర్చీ వేసినట్లే ఉండగా రాష్ట్రమూ జిల్లాలూ మారిపోయాయి. ఇన్నేళ్ళలోనూ మారనిది, ప్రతి కొత్త తరగతిని వారు అడిగే మొదటి ప్రశ్న: "వాట్ ఈజ్ యువర్ హాబీ?"

ఈ వీడ్కోలు సంచికలో తక్కిన వ్యాసాలన్నీ హిందీలో ఉంటాయని విని, సారు సతీమణి శ్రీమతి జ్ఞానప్రసూన గారు నన్ను పిలిపించారు. "మా చుట్టాలు చదువుకోవడానికి తెలుగులో ఒక్కటైనా ఉండాలి కిరణ్మయీ, పొగడ్తలు మాత్రం తగ్గించు, ఇంట్లో నేను వేగలేను" అన్నారు. గణితం బోధిస్తూ పద్దెనిమిదేళ్ళుగా సారు పక్క తరగతి గదిలోనే ఉన్నదానిని గనుక, గోడ అవతలి నుండి విన్నదీ, కళ్ళారా చూసినదీ ఇక్కడ రాస్తున్నాను. పొగడ్త తగ్గించడం నా చేతిలో ఉన్న పనే గానీ, కృతజ్ఞత తగ్గించడం నా వల్ల కాదు.

కోంటలో పేరున్న బట్టల దుకాణం వారి కనిష్ఠ పుత్రులు దశరథరామయ్య గారు. గజంబద్ద పట్టవలసిన చెయ్యి సుద్దముక్క పట్టిందని తండ్రిగారు చాలాకాలం బాధపడ్డారట. భద్రాచలంలోను, జగదల్‌పూర్‌లోను విద్యాభ్యాసం ముగించుకొని, ఉసూర్‌లో అడుగుపెట్టిన ఆ యువ ఉపాధ్యాయుని ముందు కూర్చున్న పిల్లలకు ఇంట్లో గోండీ లేదా దోర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ. ఇంగ్లీషు ఆ వరుసలో నాలుగవది, ఎవరూ పిలవని చుట్టం. సారు ఆ చుట్టాన్ని బోరింగు దగ్గరికి తీసుకువెళ్ళారు. "ఐ వాష్ మై హ్యాండ్స్" అన్నవాడికే పంపు కొట్టడం, "ఐ వాష్ మై ఫేస్" అన్నవాడికే మొహం కడగడం. కొద్దికాలానికే ఉసూర్ పిల్లలు ఊళ్ళోకెల్లా శుభ్రమైన మొహాలతో తిరిగేవారని నాటి సహోద్యోగులు నేటికీ నవ్వుతూ చెబుతారు.

అనంతరం వారు చింతలనార్ ఆశ్రమ పాఠశాలకు బదిలీ అయ్యారు. అక్కడి పాఠ్యపుస్తకంలో ఆరోగ్యకరమైన ఆహారం అనే పాఠంలో బ్రెడ్డు, వెన్న, గ్లాసు నిండా పాలు బొమ్మలుగా ఉండేవి. అవి చూసిన పిల్ల తన ఇంటి అంబలి మంచిది కాదేమోనని సిగ్గుపడకూడదు గదా అని, సారు ఆ బొమ్మల మీద తెల్ల కాగితం అంటించి, అంబలి ముంత, చింతచిగురు, పెసలు, చేపలు పిల్లల చేతనే గీయించారు. పరీక్షలో ఒకరు "డ్రింక్ మిల్క్" అని, మరొకరు "డ్రింక్ అంబలి" అని రాస్తే ఇద్దరికీ సమానంగానే మార్కులు వేశారు. ఈ అలవాటు వల్ల పైవారి నుండి ఒకటి రెండు మెమోలు వచ్చాయని విన్నాను. వాటిని వారు భద్రంగా మడిచి, అల్మారా తలుపు కొట్టుకోకుండా సందులో పెట్టారు.

2004లో సొంత ఊరైన కోంటకు వచ్చారు. ఇక్కడ నేను నిజం చెప్పాలి. తరగతిలో ఉదయపు నడక గురించి అనర్గళంగా ఉపన్యసించే సారు, కేక వేస్తే వినిపించేంత దూరంలో ఉన్న ఇంటి నుండి బడికి మోపెడ్ మీద వచ్చేవారు. మధ్యాహ్న విరామంలో మంగు హోటలులో వేడి జిలేబీ తప్పనిసరి. చెప్పేవి శ్రీరంగ నీతులని నేను ఎత్తిపొడిస్తే, "పాఠం పిల్లలకండీ, జిలేబీ నాకండీ" అనేవారు. షుగరు వచ్చిందని వైద్యులు తేల్చి, ఒళ్ళు వంచకపోతే మందులు కూడా పనిచేయవని హెచ్చరించిన తరువాత కూడా మోపెడ్ మోపెడే, జిలేబీ జిలేబీయే.

2011 దీపావళి వెళ్ళిన వారంలో, తొమ్మిదవ తరగతి చదువుతున్న లక్మే అనే అమ్మాయి తండ్రి జోగ బడికి వచ్చాడు. లక్మే లెక్కల్లో చురుకైన పిల్ల. ఇంగ్లీషు గంటలో మాత్రం పెదవి విప్పేది కాదు. లేపి నిలబెడితే నేల చూపులే.

"నా బిడ్డ ఇంగ్లీషుల నోరే తెరువదంట గద సారూ" అన్నాడు జోగ. "మొన్న పరీచ్చల తప్పింది. ఆర్నెల్ల పరీచ్చల గూడ తప్పితె ఇగ చాలు. జనవరిల మా వాడోళ్ళు మిర్చి ఏర భద్రాచలం దిక్కు పోతరు. దాన్ని గూడ తోల్త."

"ఆ పరీక్ష దాకా ఆగు జోగన్నా."

"అందాక ఆగుత. ఆ తర్వాత అడగొద్దు సారూ."

మిరప తోటలకు వెళ్ళిన ఆడపిల్ల ఏప్రిల్‌లో ఇంటికి తిరిగి వస్తుంది గానీ, బడికి తిరిగి రావడం అరుదు. అది జోగకూ తెలుసు, సారుకూ తెలుసు. ఆ అర్ధసంవత్సర పరీక్షలో ఒక భాగం మౌఖికం; మాట్లాడని పిల్లకు అక్కడే గండం.

ఆ వారంలోనే తొమ్మిదవ తరగతిలో అభిరుచులు, ఆరోగ్యం అనే పాఠం వచ్చింది. సారు తమ ప్రశ్న అడిగారు. మొదటి బల్ల మీది ధీరజ్ లేచి, "మై హాబీ ఈజ్ గార్డెనింగ్" అన్నాడు. రెండవవాడూ అదే అన్నాడు. చివరి బల్ల దాకా అందరూ తోటమాలులే. గైడులో ఉన్న జవాబు అదే మరి. మా బడి ఆవరణలో ఒక్క తులసి మొక్క బతికి బట్టకట్టిన దాఖలా లేదు. లక్మే వంతు వచ్చినప్పుడు ఆమె యథాప్రకారం నేల చూసింది.

సారుకు కోపం వచ్చింది. "తప్పుల్లేని అబద్ధం కంటే తప్పులున్న నిజం నాకు ముద్దు. మీరు నిజంగా ఏం చేస్తారో అది చెప్పండి" అని గద్దించడం గోడ ఇవతల నాకు వినబడింది. అప్పుడు హుంగా అనే కుర్రవాడు ఏ దురుద్దేశమూ లేకుండా, "మరి మీ హాబీ ఏంది సార్?" అని అడిగాడు.

అన్నేళ్ళలో ఆ ప్రశ్నను వారికి తిప్పి వేసినవారు లేరు. వారి అసలు అభిరుచులు జిలేబీ, ఆదివారపు నిద్ర. నల్లబల్ల మీద అప్పుడే వ్యాయామం గురించి పెద్ద అక్షరాలతో రాసి ఉన్నారాయె. ఆ అక్షరాల ముందు నిలబడి వారు, "స్విమ్మింగ్" అన్నారు.

తరగతి అంతా ఒక్కసారి వెలిగిపోయింది. "అట్లయితె ఆదివారం శబరికి రాండ్రి సార్, మేం గూడ వస్తం" అన్నారు పిల్లలు.

శబరి ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన దశరథరామయ్య గారికి ఈత రాదు. నీటితోను నిప్పుతోను చెలగాటం వద్దని తండ్రిగారు చిన్ననాడు పెట్టిన ఆంక్షను వారు మోకాలి లోతు దాటకుండా పాటిస్తూ వచ్చారు. ఆ మధ్యాహ్నం ఉపాధ్యాయుల గదిలో తల పట్టుకొని కూర్చున్నారు. "నోరు జారానండీ కిరణ్మయి గారూ" అన్నారు.

"జ్వరమని చెప్పి తప్పించుకోండి" అన్నాను.

"ఒక అబద్ధానికి ఇంకో అబద్ధాన్ని కాపలా పెట్టమంటారా?" అన్నారు.

ఆదివారం ఉదయం జ్ఞానప్రసూన గారు మా ఇంటికి వచ్చారు. "ఆయన నీళ్ళల్లో దిగుతారట. నువ్వు కూడా రా, ఇద్దరముంటే అరవడానికైనా ఉంటుంది" అన్నారు. ఇద్దరమూ వెళ్ళి ఇసుకలో కూర్చున్నాము. వానాకాలపు ఎర్రనీరు తీసి, ఏరు తేటపడి ఉంది. ఇసుక తిన్నె పక్కన ప్రవాహం లేని చోట పిల్లలు అప్పటికే చేపల్లా తిరుగుతున్నారు. సారు పంచె బిగించి, బనియనుతో నీళ్ళలోకి నడిచారు. మోకాళ్ళ దగ్గర ఆగిపోయారు. పిల్లలందరూ చూస్తున్నారు.

"పిల్లలూ, నేను మీకు తరగతిలో అబద్ధం చెప్పాను. నాకు ఈత రాదు. ఇంతకంటే లోతు ఎన్నడూ దిగలేదు. నిజం చెప్పమని మిమ్మల్ని తిట్టి, నేనే అబద్ధమాడాను" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నా పక్కన జ్ఞానప్రసూన గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నీళ్ళలో నుండి లక్మే లేచి వచ్చింది. సారు మణికట్టు పట్టుకుంది. "నో ఫియర్ సార్. ఐ హోల్డ్" అంది.

ఆ పిల్ల నోట మేము విన్న మొదటి ఇంగ్లీషు అదే. అక్కడే, ఆ నీళ్ళలోనే, ఒప్పందం కుదిరింది: లక్మే వారికి ఈత నేర్పాలి, కానీ నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంగ్లీషులోనే నేర్పాలి, మరో భాషలో మాట వినబడితే సారు ఒడ్డెక్కుతారు.

అది మొదలు ప్రతి ఆదివారం, నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకొని, భారీ విగ్రహం గల మా ఆంగ్లోపాధ్యాయులు శబరిలో తేలుతూ, మునుగుతూ, ఆయాసపడుతూ విద్యనభ్యసించారు. రేపు సారును అదిలించడానికి కావలసిన మాటలు లక్మే ఈ రోజు సారునే అడిగి నేర్చుకునేది. మెడ బిగబట్టకండి అనడానికి ఏమంటారు? గాలి వదలండి అనడానికి? శనివారం సాయంత్రం వరండాలో గురుశిష్యుల ఈ పాఠం చూస్తే, ఎవరు గురువో, ఎవరు శిష్యురాలో నాకు తెలిసేది కాదు.

డిసెంబరులో ఒక ఆదివారం జోగ ఏటి ఒడ్డుకు వచ్చాడు. మిర్చి కూలీలను తీసుకుపోయే బండి మాట్లాడుతున్నారని కూతురికి చెప్పడానికి వచ్చాడట. అప్పుడు లక్మే నడుము లోతు నీళ్ళలో నిలబడి, "కిక్ సార్! డోంట్ స్టాప్! బ్రీత్!" అని గొంతెత్తి అరుస్తున్నది. జోగ ఇసుకలో గొంతుకూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేంది టీచరమ్మా" అని నన్ను అడిగాడు. "నా బిడ్డ సారును తిడతాందా?"

"తిట్టడం లేదు. పాఠం చెబుతోంది."

"ఇంగ్లీషులనా?"

"ఇంగ్లీషులోనే."

జోగ బీడీ వెలిగించుకొని, అది ఆరిపోయేదాకా పట్టుకునే కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పకుండానే వెళ్ళిపోయాడు. అయినా పరీక్ష మాట మీద మాత్రం నిలబడ్డాడు.

మౌఖిక పరీక్షకు మరో బడి నుండి వచ్చిన పరీక్షకులు ఆ ఏడు మా పిల్లల జవాబులు విని తికమకపడ్డారు. ధీరజ్ పావురాలను గురించి, హుంగా చేపలు పట్టే బుట్ట మావును అల్లడాన్ని గురించి తడబడుతూనే చెప్పారు. లక్మే వంతు వచ్చింది. మేమంతా తలుపు బయట ఉన్నాము. లోపలి నుండి స్పష్టంగా వినబడింది: "మై హాబీ ఈజ్ టీచింగ్ స్విమ్మింగ్. ఐ హావ్ వన్ స్టూడెంట్. హి ఈజ్ ఓల్డ్. హి ఈజ్ ఫ్యాట్. హి హాజ్ ఫియర్. బట్ ఎవ్రీ సండే హి కమ్స్."

ఎవరా విద్యార్థి అని పరీక్షకులు అడిగితే, ఆమె తలుపు వైపు వేలు చూపింది. దశరథరామయ్య గారు వినయంగా నమస్కరించారు.

లక్మే ఉత్తీర్ణురాలైంది. ఆ జనవరిలో మిర్చి బండి ఆమె లేకుండానే కదిలింది. "సారుకే పాఠం జెప్పేదానికి మిర్చి తోటల ఏం పని?" అన్నాడట జోగ, వాడలో అడిగినవారందరితో.

అటుపిమ్మట మా పాఠశాలలో ఇంగ్లీషు బోధన పద్ధతే మారిపోయింది. ఏ పిల్ల ఏది ఇష్టంగా చేస్తుందో అది సారుకు ఇంగ్లీషులో నేర్పాలి. ఆ లెక్కన వారు విస్తరాకులు కుట్టారు, గులేరుతో రాయి కొట్టబోయి బడి కిటికీ అద్దం పగలగొట్టారు, పిట్టకూతలు కూసి మా గణితం గంట పాడుచేశారు. మోపెడ్ అమ్మేశారు. షుగరు అదుపులోకి వచ్చింది. జిలేబీ మానారని రాయలేను, అది అబద్ధమవుతుంది, సగం చేశారు. ఈ సగానికి సాక్షి జ్ఞానప్రసూన గారు.

నా వరకు నేను వారికి ఎంతో రుణపడి ఉన్నాను. ఉపాధ్యాయులకు రానిదంటూ ఉండకూడదన్న భయంతో నేను ఉద్యోగంలో చేరాను. ఆ రోజు మోకాలి లోతు నీళ్ళలో ఒక పెద్దమనిషి "నాకు రాదు" అని చెప్పగా చూసిన తరువాత, నల్లబల్ల ముందు నాకూ ఆ మాట అనడం వచ్చింది. నా పిల్లలు లెక్కలకు భయపడటం తగ్గింది అప్పటి నుండే. సార్, ఇన్నేళ్ళూ మీకు ఎదురుగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, చాలా కృతజ్ఞురాలిని.

గత ఆదివారం పూర్వవిద్యార్థులు బడిలో చిన్న సభ జరిపారు. బచేలిలో ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న లక్మే తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమెను మాట్లాడమన్నారు. మైకు ముందుకు వచ్చి, శాలువా కప్పుకొని కూర్చున్న గురువుగారి వైపు తిరిగి, ఒక్క ప్రశ్న వేసింది.

"సార్, వాట్ ఈజ్ యువర్ హాబీ?"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లేచి నిలబడి, విద్యార్థి లాగా చేతులు కట్టుకున్నారు.

"స్విమ్మింగ్" అన్నారు.

జోగ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు శబరి ఎర్రగా పారుతున్నది. దసరా దాటి నీరు తేటపడేదాకా దిగరాదు. దశరథరామయ్య గారూ, అందాక ఉదయపు నడక మానకండి, జిలేబీ సగం దాటకండి. ఆ పైన రాబోయే ప్రతి ఆదివారం ఆ ఏటిలో ఈదుతూ, సంపూర్ణ ఆయురారోగ్యాలతో, మీ పాఠం విన్న పిల్లల పిల్లలకు కూడా శిష్యులుగా ఉంటూ, నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మా పాఠశాల కుటుంబమంతా మనసారా కోరుకుంటున్నది. ఒడ్డున ఇసుకలో జ్ఞానప్రసూన గారూ నేనూ ఎప్పటిలాగే కూర్చుంటాము. అరవవలసిన పని మాత్రం ఇక మాకు లేదు.