పూజలో పెట్టిన ఉక్కు ముక్క

(మారతహళ్ళి సర్కారు మిడిల్ స్కూలు, హెడ్‌మేష్ట్రు జయరామప్ప గది. 1943. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన పొద్దు.)

"కూర్చో కదిరమ్మా. ఎంతసేపని నిలబడతావు."

"కూర్చునేదానికి రాలేదు మేష్ట్రే. ఆ ముక్క ఒకసారి చూపించండి. మా ఓబళు పట్టుకున్న ముక్క."

"చూసి ఏం చేస్తావు? తుప్పు పట్టింది. యుద్ధం కార్ఖానా ఇంజనీరు నీ కొడుకు ఎదురుగానే చూసి పక్కన పెట్టేసినాడు. అయిపోయిన మాట అది."

"అయిపోలేదు. వాడు ఇంటికొచ్చి గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. కూడు తినరా అంటే పలకలేదు. పలకకా పలకకా ఏమన్నాడో తెలుసునా? అమ్మా, నా చెమట మంచిది కాదంట, నేను ముట్టుకుంటే ఉక్కు చెడిపోతాదంట అన్నాడు. కన్నదానికి ఆ మాట ఎట్లుండాలప్పా?"

"అట్లా తీసుకోకూడదమ్మా. కొందరి చెమట అట్లాంటిది, అదేం తప్పు కాదు. ఆ కార్ఖానాలో చేసేది కొలత చూసే ఉక్కు ముక్కలు. అద్దం మాదిరి నున్నగా ఉండాల. పనోడు ముట్టుకున్న చోటంతా తుప్పు లేస్తే ఆ ముక్క దేనికీ పనికిరాదు. అందుకే ఒక్కొక్క పిల్లోనికి ఒక ముక్క ఇచ్చి, గుప్పిట్లో పట్టుకోమని, తుడవకుండా పక్కన పెట్టి, కొన్నాళ్ళకు చూస్తారు. వేలి ముద్రలు ఎర్రగా లేస్తే ఆ పిల్లోడు పనికి వద్దు. శుభ్రంగా ఉంటే కావాల. అంతే."

"వేలి ముద్రలు లేస్తే గదా?"

"ఆఁ."

"మా వాని ముక్క ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎర్రగా ఉండెనంట. వేళ్ళు అంత ఉంటాయా మేష్ట్రే?"

"చెమట ఎక్కువ పట్టే పిల్లోడేమో."

"చెమట కాదు. నేను కడిగినా దాన్ని."

"కడిగినావా?"

"కడగకుండా ఎట్ల? మీరు ముక్కలిచ్చింది ఆయుధ పూజకు ముందు దినం. వాడు ఎగురుకుంటా వచ్చి, అమ్మా ఇది నా పనిముట్టు, రేపు నేను పని చేసేది దీంతోనే అని నా చేతిలో పెట్టినాడు. ఇంట్లో ఉండే కొడవలి, పార, ఆయన మగ్గం కండెలు, అన్నిటితో పాటు దాన్నీ కడిగినా. పసుపు పూసినా, కుంకుమ పెట్టినా, తమలపాకు మీద పెట్టి పూలేసినా. నిమ్మకాయ కోసి పిండినా. విజయదశమి పొద్దున దాకా కదిలించలేదు, కదిలించకూడదు గదా. తీసి చూస్తే ఎర్రగా ఉండాది. పసుపు, కుంకుమ కలిసి అట్లుండాదిలే అనుకున్నా. నా చేతులారా నేనే…"

"నీకేం తెలుసు పాపం."

"నాకు తెలీదు. ఇప్పుడు చెప్తాండా గదా, మీకు తెలిసింది. నాతో కార్ఖానాకి రండి. ఇంజనీరు దగ్గర ఈ మాట చెప్పండి. నేను చెప్తే గేటు దాటనీరు. మీరు చెప్తే వింటారు."

"ఇప్పుడా? బడి తెరిచిన మొదటి దినం. బెల్లు కొట్టే టైమయింది."

"సాయంత్రం పోదాం."

"సాయంత్రం ఇన్‌స్పెక్టరు వస్తాడంటాండారు. చూద్దాం. ఒక వారం పోనీ."

"వారమా."

"తొందరెందుకు? పిల్లలే సగం మంది రాలేదింకా. పండగకు ఊర్లు పోయినోళ్ళు తిరిగి రావాల గదా. అందరూ రానీ, నిదానంగా ఆలోచిస్తాను."

"ఊర్లకా… సరే. వాళ్ళ సంగతి పక్కన పెట్టండి. నేను వాళ్ళ ఇండ్లకూ పోయినా. కెంపమ్మ ఇంట్లో కడిగినారు, దొడ్డప్ప ఇంట్లో కడిగినారు. దొడ్డప్ప పెండ్లాము పాలతో కూడా కడిగిందంట. వీధంతా ఒకే కత. ఒక్క అంతోనీ వాళ్ళ ఇంట్లో ఆ పూజ లేదు. వాని ముక్క అద్దం లాగే ఉండాది. వాన్ని తీసుకున్నారు. ఇంకా ఏం సాక్ష్యం కావాల మీకు?"

"అంతోనీ మంచి పిల్లోడు."

"మంచోడే. నేను వాన్ని ఏమన్నా అన్నానా? మా వాడు చెడ్డోడా అని అడుగుతాండా."

"ఓబళు చెడ్డోడని ఎవరన్నారు కదిరమ్మా? ఈ బడిలో వానంత లెక్క వచ్చినోడు లేడు. నేను బోర్డు మీద లెక్క రాసి ఇట్ల తిరిగే లోపల జవాబు చెప్తాడు. వాన్ని పంపు. ఈ దినం నుంచే పంపు. సాయంత్రాలు నా ఇంట్లో కూర్చోబెట్టి చెప్తాను. మార్చిలో లోయర్ సెకండరీ పరీక్ష రాయిస్తాను. ఫస్ట్ క్లాసులో పాసు కాకపోతే నన్నడుగు. యాడున్నాడు వాడు? బయట నిలబెట్టినావా?"

"వాని మాట తర్వాత. ముందు నేనడిగిందానికి చెప్పండి. వస్తారా, రారా?"

"చెప్పినాను గదా, చూద్దామని."

"ఎందుకు రారో నేను చెప్పనా?"

"ఏమిటమ్మా ఆ గొంతు?"

"పొద్దున్నే నేను కార్ఖానా గేటు దగ్గరికి పోయొచ్చినా మేష్ట్రే. ఈడికి రాకముందే పోయినా. మా సర్జాపురం గంగప్ప ఆడ టైం ఆఫీసులో ఉండాడు. అన్నా, ఇట్లయింది, ఒక మాట చెప్పన్నా అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా. అతను నన్ను ఎగాదిగా చూసి, ఇంటికెట్ల పోయినాయి ముక్కలు అన్నాడు. పిల్లలకిచ్చి పంపించినారన్నా అన్నా. ఎవరు పంపించింది అన్నాడు. ముక్కలు బడి దాటకూడదంట. పిల్లలు పట్టుకున్న వెంటనే కాగితంలో చుట్టి మీ బీరువాలో పెట్టి బీగం వెయ్యమని ఇంజనీరే మీకు చెప్పినాడంట. నీళ్ళు తగలకూడదని రెండు మాట్లు చెప్పినాడంట. గంగప్ప ఆ పక్కనే ఉండినాడంట."

"బీరువా… బీరువా బీగం సరిగా పడేది లేదు."

"ఇదిగో ఉండాది బీరువా. బీగం బాగా పడే ఉండాది."

"కదిరమ్మా."

"ఇంకొకటి. మా వాడు నాతో చెప్పిన మాట నాకు గుర్తుండాది. ఇది మీ పనిముట్టు, పండగనాడు మర్యాదగా చూసుకోండి అని మేష్ట్రు చెప్పినారన్నాడు. పనిముట్టు అన్నది ఎవరు? వాడా, మీరా?"

"పండగ మాటల్లో ఏదో అనింటాను."

"మీరూ పూజ చేసేవాళ్ళే. మీ ఇంట్లోనూ కత్తీ కొడవలీ కడుగుతారు. మాకు ఉక్కు సంగతి తెలీదు, మీకు తెలుసు. పండగ ముందు దినం ఇచ్చి పంపితే ఏమవుతాదో మీకు తెలుసు."

"తలుపు కొంచెం దగ్గరికి వెయ్యి."

"వెయ్యను. చెప్పండి."

"తెలుసు. తెలిసే పంపినాను."

"అమ్మా దేవుడా."

"విను. ఒక్క నిమిషం విను. ఈ బడిలో కార్ఖానాకు పనోళ్ళను తయారు చెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు పొద్దున రెండు గంటలు చదువు, తర్వాత సాయంత్రం దాకా ఆకురాయి పట్టుకొని ఇనుము రాకేది. చరిత్ర తీసేయమన్నారు, జామెట్రీ తీసేయమన్నారు, ఇంగ్లీషు పద్యాలు తీసేయమన్నారు. కార్ఖానాకు అక్కర్లేదంట. ఇంజనీరు నా కుర్చీలోనే కూర్చొని అన్నాడు, మాకు చేతులు కావాల మేష్ట్రే, కొలత చదివేటంత అక్షరం చాలు అని. నా పిల్లల చేతులు తిప్పి తిప్పి చూసినాడు. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు కడుపు మండిపోయింది."

"మండితే ఆయనతో చెప్పాల."

"ఎట్ల చెప్పేది? సర్కారు జీతగాన్ని. వద్దంటే నన్ను యాడికో బదిలీ చేసి, వాళ్ళ మాట వినే ఇంకొకన్ని కూర్చోబెడతారు. పిల్లలే పనికిరారు అని వాళ్ళ నోటితోనే అనిపిస్తే వాళ్ళంతట వాళ్ళే వదిలేసి పోతారు అనుకున్నా. అట్లే అయింది. మొన్న సెలవుల్లోనే ఇంజనీరు వచ్చి, ఆ ముక్కలు చూసి మొగం మాడ్చుకొని, ఈ ఊరి నీళ్ళలోనే ఏదో ఉండాది అని లేచి పోయినాడు. తరగతి మిగిలింది. నీ కొడుకు చదువు మిగిలింది కదిరమ్మా."

"మమ్మల్ని అడిగినారా?"

"అడిగితే మీరు కార్ఖానానే అంటారు."

"అంటాను. నా బిడ్డ వాడు. అనేది నేనే."

"యుద్ధం ఎన్నాళ్ళుంటుంది చెప్పు? రేపు యుద్ధం నిలిచిపోతే ఆ కార్ఖానా నీ కొడుకుని ఉంచుతుందా? గేటు బయటికి తోసేస్తుంది. అప్పుడు చేతిలో చదువూ ఉండదు, పనీ ఉండదు. నేను అంత దూరం చూసినాను."

"మీరు అంత దూరం చూసినారు. నేను ఈ పొద్దు వెలగని పొయ్యిని చూసినా. మా ఆయన మంచం పట్టి ఏడాదయింది, నూలు దొరక్క మగ్గం నిలిచిపోయి అంతకు ముందే ఏడాది. బియ్యం అంగడి ముందర తెల్లారి నుంచి నిలబడితే మధ్యాన్నానికి అయిపోయిందంటారు. ఆ కార్ఖానాలో పిల్లోడు చేరితే ఇంటికి రాగులు, బియ్యం వాళ్ళ డిపోలోనే ఇస్తారు. నేను పండగనాడు ఆ ముక్కకు దండం పెట్టి ఏమనుకున్నానో తెలుసునా? తల్లీ, ఈ ఇంట్లో కూడు నీ చేతిలో ఉండాది అనుకున్నా. నిమ్మకాయ పిండింది అందుకే మేష్ట్రే."

"నాకు ఇదంతా తెలీదు."

"ఎట్ల తెలుస్తాది? మా ఇంటికి ఎప్పుడన్నా వచ్చినారా? ఇంజనీరు వాని తెలివి చూడలేదని కోపం మీకు. మీరు వాని కడుపు చూసినారా? ఆయన చేతులు కావాలన్నాడు, మీరు తలకాయ కావాలన్నారు. నా బిడ్డను మీరిద్దరూ పంచుకున్నారు."

"అంత మాట అనొద్దు. నా స్వార్థం ఒక్కటన్నా ఉందా ఇందులో?"

"లేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఉంటే తిట్టి పోతా ఉంటి."

"సరే. సరే కదిరమ్మా. పద. నేనే వస్తాను. ఇంజనీరు దగ్గర నా తప్పు నేనే ఒప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ. పిల్లల చెమటలో తప్పు లేదు, నాదే తప్పు అని చెప్తాను. ఇంకో మాటు ముక్కలు ఇమ్మంటాను."

"ఇప్పుడు పోయి లాభం లేదు."

"ఇంతసేపూ రమ్మని నువ్వే గదా…"

"మీరు వస్తారో రారో చూసుకున్నా. కార్ఖానాలో ఆ పని చోట్లు నిన్ననే నిండిపోయినాయంట. పేట స్కూలు పిల్లల్ని లారీలో తెచ్చి చేర్పించుకున్నారు. గంగప్ప చెప్పినాడు."

"మరి ఎందుకొచ్చినావు?"

"ఒక్క మాట మీ నోట వినేదానికి వచ్చినా. అది వాని చెమట కాదు అని. వానికి పోయి చెప్పాల."

"కాదు. వాని చెమట కాదు. నేనే చెప్తాను వానితో, వాని ముందర తల వంచి చెప్తాను. తీసుకొని రా వాన్ని. పరీక్ష ఫీజు, పుస్తకాలు అన్నీ నేను చూసుకుంటాను. మధ్యాన్నం నా ఇంట్లోనే తింటాడు. మొదటి బెంచీలో వాని చోటు అట్లే ఉంది. అందరూ ఊర్ల నుంచి రానీ, నేను తరగతి అందరికీ చెప్తాను. అదిగో బెల్లు. ఈ పొద్దు హాజరుకి ఎవరెవరు వచ్చినారో చూసొస్తాను, కూర్చో."

"చూసేదానికేం లేదు మేష్ట్రే. అంతోనీ కార్ఖానాకు పోయినాడు. తక్కినోళ్ళు ఎవరూ పండగకు ఊర్లు పోలేదు."

"మరి?"

"ముక్కలు తుప్పు పట్టినోళ్ళంతా ఇంజనీరు వచ్చి పోయిన మర్నాటి నుంచే కాడుగోడి ఇటుకల బట్టీలో మన్ను తొక్కుతాండారు. మా ఓబళే అందర్నీ పిల్చుకొని పోయినాడు. ఆడ చెమట ఎట్లాంటిదో ఎవరూ చూడరంట."